సుద్ద విరిగిన రోజు: బెనిన్ ఒబాలు, వారి ఇత్తడి తలలు

నమస్కారం. ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మ్యాపులో బెనిన్ అని ఒక దేశం కనిపిస్తుంది. ఈ పూట మన విషయం అది కాదు. దాని పాత పేరు దహోమీ, 1975లో బెనిన్ అని మార్చుకున్నారు. మనం చెప్పుకోబోయే బెనిన్ రాజ్యం ఉన్నది నైజీరియాలో, ఇప్పటి ఎడో రాష్ట్రంలో. రాజధాని బెనిన్ సిటీ. అక్కడి జనం ఎడోలు, వాళ్ల భాషా ఎడోనే. రాజుని ఒబా అంటారు. ఇప్పటికీ ఒబా ఉన్నారు, 2016 అక్టోబరులో పట్టం కట్టుకున్న రెండో ఎవువారె. పాలన ప్రభుత్వం చేతిలో ఉన్నా, ఆయన మాటకు అక్కడ ఉన్న బరువు వేరు.

ఇంకో పేరు కూడా సరిచేసుకోవాలి. ప్రపంచమంతా వీటిని ‘బెనిన్ కంచు శిల్పాలు’ అంటోంది. కంచు గ్లాసుకీ ఇత్తడి బిందెకీ తేడా తెలిసిన ఇళ్లు మనవి, కాబట్టి ఆ తప్పు మనం చేయనక్కర్లేదు. కంచు అంటే రాగి, తగరం. ఈ శిల్పాల్లో అత్యధికం రాగి, జింకు, కొంత సీసం కలిసిన ఇత్తడి. మ్యూజియం అట్టముక్క మీద ఏం రాసి ఉన్నా సరే, మనం ఇత్తడి అనే అనుకుందాం.

ఇక అసలు విషయం. ఎడో భాషలో ‘సా-ఎ-య్-అమా’ అనే మాట ఉంది. వాడుకలో దాని అర్థం గుర్తుపెట్టుకోవడం. విడదీసి చూస్తే ‘ఇత్తడిలో ఒక ఆకృతిని పోత పోయడం’. ఈ గంటా ఆ మాట పట్టుకునే నడుద్దాం. మనం అద్దాల పెట్టెలో చూసి అందంగా ఉందనుకునే ఆ తల, దాన్ని చేయించినవాళ్లకు అలంకారం కాదు. రాచరికం తండ్రి నుంచి కొడుక్కి చేరడానికి కావలసిన పనిముట్టు.

ఒబా చనిపోయాడని ఎడోలు అనరు. సుద్ద విరిగిందంటారు. మనం దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాం చూడండి, అలాగ. తెల్లసుద్ద అక్కడ శుభానికీ శుద్ధికీ గుర్తు. ఆ సుద్ద విరిగిన రోజు నుంచి వారసుడి పని మొదలవుతుంది. వారసుడు పెద్దకొడుకే అన్న నియమం గట్టిపడింది 18వ శతాబ్దం మొదట్లో. అంతకుముందు అన్నదమ్ముల కుమ్ములాటలు చాలానే జరిగాయి. యువరాజు ఎడాయికెన్ అనే బిరుదుతో ఊరి అవతల ఉసెలులో ఉంటాడు. పట్టాభిషేకం ఒక్క రోజుతో తేలేది కాదు, వరసగా చాలా క్రతువులు. వాటిలో ఒకటి ఒగియామియెన్ అనే పెద్దతో ఉత్తుత్తి యుద్ధం. ఒగియామియెన్ ఈ వంశం రాకముందు ఆ నేల ఏలినవాళ్ల తరఫు మనిషి. ఈ వంశమేమో ఇఫే అనే యోరుబా పట్టణం నుంచి వచ్చిన ఒరన్మియాన్ సంతతి అని, అతని కొడుకు ఎవెకాతో మొదలైందని సంప్రదాయం చెబుతుంది. అంటే ప్రతి కొత్త రాజూ ‘ఈ నేల మీద మాకు హక్కు ఎలా వచ్చింది’ అన్న ప్రశ్నకు కర్రసాముతో మళ్లీ ఒకసారి జవాబు చెప్పుకోవాలి.

అది అయ్యాక కొత్త ఒబా మొదటి బాధ్యత తండ్రికి వేదిక కట్టించడం. 1897కు ముందు రాజప్రాసాదంలో గతించిన ఒక్కో రాజుకూ గోడ కట్టిన ఒక్కో ఆవరణ ఉండేది. లోపల అర్ధచంద్రాకారంలో మట్టి తిన్నె. దాని మీద ఇత్తడి తలలు. ఒక్కో తల నడినెత్తిన గుండ్రని రంధ్రం, ఆ రంధ్రంలో నిలబెట్టిన, కింది నుంచి పై దాకా బొమ్మలు చెక్కిన ఏనుగు దంతం. మధ్యలో రాజూ పరివారమూ ఉన్న పోత బొమ్మ. పూర్వీకుణ్ణి పిలవడానికి ఇత్తడి గంటలు. వెనక గోడకు ఆనించి ‘ఉఖుర్హె’ అనే చెక్క దండాలు. ఆ దండం కణుపులు కణుపులుగా ఉంటుంది, పైభాగం డొల్ల, లోపల చెక్కముక్క. నేలకేసి కొడితే గలగలమంటుంది. ఆ చప్పుడుతో పెద్దలు వింటారని నమ్మకం.

తలే ఎందుకు? ఎడోల లెక్కలో తల ఆలోచనకు స్థానం, మనిషి అదృష్టానికి స్థానం. తలరాత అనే మాట ఉన్న భాషలో దీనికి ఇంకా వివరణ అవసరం లేదనుకుంటాను. మామూలు మనిషి తల అతని కుటుంబాన్ని నడిపిస్తే, ఒబా తల రాజ్యాన్ని నడిపిస్తుంది. అందుకే ఏటా డిసెంబరులో జరిగే ఇగువె పండుగలో రాజు తన తలకే పూజ చేసుకుంటాడు. అందుకే శిల్పాల్లో మనిషి తల ఒంటికి మించి పెద్దదిగా ఉంటుంది, శిల్పికి కొలతలు రాక కాదు. అలాగని తలలో ఫలానా రాజు పోలిక వెతకొద్దు. అది ముఖచిత్రం కాదు, పదవి రూపం.

ఏ పదార్థం ఎవరికన్నదీ నియమమే. రాజు వేదిక మీద ఇత్తడి తల. అధికారుల ఇళ్లలో చెక్క తల. మరి ఆ ఇత్తడి పోసేవాళ్ల ఇళ్లలో? కాల్చిన మట్టి తల. ఇత్తడి తుప్పుపట్టి రాలిపోదు, తోమితే ఎర్రగా మెరుస్తుంది. ఎడోలకు ఎరుపు అందమూ భయమూ కలిసిన రంగు. దంతం తెలుపు, అంటే సుద్ద రంగు. వేదిక మీద ఈ రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడతాయి.

ఈ రాజు మనిషా దేవుడా అన్న ప్రశ్నకు వాళ్ల జవాబు మన జవాబుకి మరీ దూరం కాదు. ఒబా తింటాడని, పడుకుంటాడని, స్నానం చేస్తాడని అనకూడదు. మన గుళ్లలో స్వామి తినడు, ఆరగిస్తాడు. పడుకోడు, పవళిస్తాడు. రాడు, వేంచేస్తాడు. అక్కడా అంతే, రాజు పనులకు వేరే మాటలు. సముద్రానికీ సంపదకూ అధిపతి ఒలోకున్ అనే దేవుడు. నీళ్లలో ఒలోకున్ ఎలాగో నేల మీద ఒబా అలాగ. 15వ శతాబ్దంలో ఏలిన ఎవువారె నది ఒడ్డున ఒలోకున్ పగడాలను ఎత్తుకొచ్చాడని కథ చెబుతారు. ఆ పగడాలే రాజు ఒంటి నిండా కనిపిస్తాయి. పగడాల కిరీటం, గడ్డం దాకా పేర్చిన పగడాల కంఠపట్టె, వలలా అల్లిన పగడాల చొక్కా. ఆ చొక్కా వేసుకునే హక్కు చాలా కొద్దిమందిది, అదీ రాజు ఇస్తేనే. అధికారికి రాజు ఇచ్చిన పగడాలు అతను పోయాక వెనక్కి రాజుకే చేరాలి. ఆస్తి కాదది, అప్పు.

పగడాల బరువు ఎంతంటే, నిండు వేషంలో ఉన్న రాజు రెండు చేతులనూ చెరో పక్క ఒకరు పట్టుకుని నడిపిస్తారు. శిల్పాల్లో పదే పదే కనిపించే ముగ్గురు మనుషుల బొమ్మ ఇదే, నడుమ రాజు, అటూ ఇటూ మోసేవాళ్లు. ఆ బొమ్మకు రెండో అర్థం కూడా ఉంది. రాజు తనంతట తాను నిలబడడు, నిలబెట్టేవాళ్లు ఉండాలి.

ఆ బొమ్మల్లో కొన్నింటిలో రాజుకు కాళ్లు ఉండాల్సిన చోట రెండు బురదచేపలు ఉంటాయి. మన కొర్రమీనులా నీళ్లు ఎండినా బురదలో బతికే చేప. నీళ్లలోనూ నేల మీదా ఉండగలదు కాబట్టి ఒలోకున్‌కీ ఒబాకీ మధ్య వంతెన అన్న అర్థం ఒకటి. ఇంకో కథ ఉంది. ఒహెన్ అనే పాత రాజుకు కాళ్లు చచ్చుబడ్డాయి. అంగవైకల్యం ఉన్నవాడు రాజుగా ఉండకూడదు. అందుకని అందరికంటే ముందే సభకు మోయించుకొచ్చి, అందరూ వెళ్లాకే మోయించుకుపోయేవాడు. ఇయాసె, అంటే పట్టణాధికారుల పెద్ద, దాక్కుని చూసి గుట్టు కనిపెట్టాడు. రాజు అతణ్ణి చంపించాడు. జనం తిరగబడి రాజుని సుద్దగడ్డలతో కొట్టి చంపారు. గమనించండి, రాళ్లతో కాదు, సుద్దతో. దేవుడి పదవిలో ఉన్నవాణ్ణి చంపడానికి కూడా శుద్ధమైన ఆయుధం కావాలి. చేపకాళ్లు ఒహెన్ కాళ్లని, రాజు లోపాన్ని దైవత్వంగా మార్చి చూపించారని కొందరు చదువుతారు. నాకు ఈ రెండో చదువు ఎక్కువ నచ్చుతుంది. రాజు దేవుడే కానీ లెక్క చెప్పాల్సిన దేవుడన్న సంగతి అందులో దాగి ఉంది.

ఆ లెక్క అడిగేవాళ్లు నిజంగానే ఉన్నారు. ఉజామా అనే వంశపారంపర్య పెద్దలు కిరీటం పెట్టేవాళ్లు. ఇయాసె నాయకత్వంలో పట్టణాధికారులు ఒకవైపు, ప్రాసాదంలో మూడు సంఘాలు ఇంకోవైపు. ఇవెబో సంఘం రాజు దుస్తులు, నగలు చూస్తుంది. ఇవెగువాయె సంఘం ఆయన ఆంతరంగిక సేవ. ఇబివె సంఘం రాణులు, పిల్లల సంగతి. ప్రాణం తీసే హక్కు మాత్రం అప్పట్లో రాజు ఒక్కడిదే. దానికి గుర్తు చిరుతపులి. అడవికి చిరుత ఎలాగో ఊరికి ఒబా అలాగ, ‘ఇంటి చిరుత’ అని ఆయనకు పేరు. నరబలులూ ఉండేవి, ఇగువెలోనూ, పగడాల పండుగలోనూ. దాన్ని దాచి చెబితే చరిత్ర కాదు. దాన్ని చూపించి ఊరు తగలబెట్టడం ఇంకో సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు పనివాళ్లు. ఇగున్ ఎరొన్మ్వొన్ అనేది ఇత్తడి పోతపనివారి సంఘం. ఇగున్ వీధి ఈ రోజుకీ బెనిన్ సిటీలో ఉంది. మన ఊళ్లలో కంచరి వీధి అనేవాళ్లు చూడండి, అలాంటిదే, కాకపోతే పాతరోజుల్లో ఇక్కడ ఖాతాదారు ఒక్కడే, రాజు. సంఘం పెద్దని ఇన్నె అంటారు. ఒగువొలా అనే రాజు కాలంలో ఇఫే నుంచి ఇగ్వేఘా అనే పోతపనివాడు వచ్చి ఈ విద్య నేర్పాడని సంప్రదాయం. దంతం, చెక్క చెక్కేవారిది వేరే సంఘం, ఇగ్బెసన్మ్వన్. ఏనుగును చంపితే ఒక దంతం ఒబాకి ఊరికే చెందేది, రెండోదాన్ని ముందు కొనే హక్కు కూడా ఆయనకే ఉండేది. ముడిసరుకు మీదే ఇంత పట్టు ఉన్నప్పుడు, పూర్తయిన వస్తువు రాజు అనుమతి లేకుండా ఇంకొకరి ఇంటికి చేరే దారి ఉండేది కాదు.

పోత ఎలా పోస్తారో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మ్యూజియంలో ముక్కను చదవడానికి ఇదే అక్షరమాల. మైనం పోయి లోహం వచ్చే పద్ధతి. మన శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానం అంటాయి. మధూచ్ఛిష్టం అంటే తేనెపట్టు ఎంగిలి, మైనం. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా బొమ్మలు పోసేదీ ఇలాగే.

మొదట మట్టి గుండు. కావలసిన తల కంటే కొంచెం చిన్నదిగా మట్టితో తల చేస్తారు. మట్టి మరీ జిగట బంకమట్టి అయితే ఎండేటప్పుడు పగులుతుంది, వేడికి లోపలి ఆవిరి బయటికి పోదు. మరీ ఇసుక అయితే నిలవదు. దాన్ని నీడలో రోజుల తరబడి ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైన గట్టిపడి లోపల తడి మిగిలిపోతుంది, ఆ తడి ఏం చేస్తుందో చివర్లో తెలుస్తుంది. తర్వాత వడగట్టిన మైనాన్ని పలచటి రేకుగా చేసి ఆ గుండుకు తొడుగుతారు. ఈ రేకు మందమే రేపు లోహం మందం. పాత తలల్లో అది కొన్ని మిల్లీమీటర్లకు మించదు. పగడాల దండలు కావాలంటే మైనాన్ని దారంలా తీసి, పూసలుగా కోసి, వరసలుగా అతికిస్తారు. కళ్లు, పెదాలు, నుదుటి గాట్లు అన్నీ మైనంలోనే తేలాలి. ఇత్తడిలో చెక్కుకోవచ్చులే అనుకున్నవాడి పని మొద్దుగా వస్తుంది.

తర్వాత పూత. మొదటి పూత మీగడలాంటి సన్నని మట్టి. వేలిముద్ర పడినా లోహంలోకి దిగే పూత ఇదే కాబట్టి ఇందులో ఒక్క గాలిబుడగ ఉండకూడదు. బుడగ ఉంటే ఇత్తడి అందులోకి దూరి ముఖం మీద పులిపిరిలా నిలుస్తుంది. ఒక పూత ఆరాకే ఇంకోటి, పైకి వెళ్లే కొద్దీ మొరటు మట్టి. మధ్యలో ఇనప మేకులు మైనం గుండా లోపలి గుండులోకి దిగగొట్టాలి. ఎందుకంటే మైనం కరిగిపోయాక లోపలి గుండును పట్టి ఉంచేది ఆ మేకులే. మేకు వదిలేస్తే గుండు ఒక పక్కకి జరుగుతుంది. అప్పుడు ఒక చెంప లావుగా, ఇంకో చెంప చిల్లుగా వస్తుంది. లోహం పోయడానికి దారి, గాలి పోవడానికి దారి మైనపు కాడలతోనే పెడతారు.

ఇక్కడో చిన్న లెక్క. ఇత్తడి మైనం కంటే దాదాపు 9 రెట్లు బరువు. కాడలతో కలిపి కిలో మైనం పట్టిన అచ్చుకు సుమారు 9 కిలోల ఇత్తడి కావాలి, పోతదారిలో మిగిలిపోయేదానికి ఇంకో కిలో కలుపుకోవాలి. మైనం తూచకుండా పొయ్యి వెలిగిస్తే సగంలో లోహం అయిపోతుంది. పోత ఒక్క ధారగా పడాలి. ఆపి మళ్లీ పోస్తే రెండు ధారలూ అతుక్కోవు, మధ్యలో గీత మిగులుతుంది.

అచ్చును కాల్చితే మైనం కారిపోతుంది. వేడి చాలకపోతే మైనం మరకలు లోపల మిగిలి పొగ అవుతాయి, ఇత్తడి సూదిరంధ్రాలతో వస్తుంది. ఇత్తడి 900 నుంచి 950 డిగ్రీల మధ్య కరుగుతుంది. మూసలో కరిగాక ఎక్కువసేపు నిలబెడితే జింకు తెల్లని పొగై ఎగిరిపోతుంది, లోహం చిక్కబడుతుంది. చల్లారిన లోహం పోస్తే చెవి దాకా వెళ్లి గడ్డకడుతుంది. అచ్చు చల్లగా ఉన్నా అంతే, అందుకే వేడిగా ఉన్నప్పుడే తలకిందులుగా నేలలో పాతి పోస్తారు. ఆ మొదటి రోజు నీడలో ఆరని తడి సంగతి చెప్పానే, అది ఇప్పుడు ఆవిరై ఎర్రటి లోహాన్ని పైకి చిమ్ముతుంది. పోతపనివాళ్లు ఇనుముకూ పోతపనికీ అధిదేవుడైన ఒగున్‌కు ముందుగా మొక్కుకోవడం ఊరికే కాదు.

చల్లారాక అచ్చు పగలగొడతారు. అచ్చు ఒక్కసారికే, కాబట్టి ఏ రెండు తలలూ ఒకటి కావు. ఉలితో కాడలు నరికి, ఆకురాయి పెట్టి, గీతలు సరిచేస్తారు. చిల్లు పడిన చోట మళ్లీ మైనం పెట్టి ముక్క పోత పోస్తారు. ఈసారి ఏ మ్యూజియంలోనైనా బెనిన్ తల కనిపిస్తే, ముఖం చూడటం అయ్యాక వంగి లోపలికి చూడండి. అతుకులు అక్కడ కనిపిస్తాయి.

ఇంత ఇత్తడి ఎక్కడిది? బెనిన్‌లో రాగి గనులు లేవు. పాతరోజుల్లో సహారా దాటి వచ్చేది. 1486 ప్రాంతంలో పోర్చుగీసు వాళ్లు ఒడ్డున దిగాక కథ మారింది. వాళ్లు మనిల్లా అనే గుర్రపునాడా ఆకారపు కడియాలు ఓడల నిండా తెచ్చారు. మిరియాలకూ, దంతానికీ, బట్టలకూ మారకం. మనుషులకూ మారకమే. 16వ శతాబ్దం మొదట్లో ఒక మనిషి వెల 12 నుంచి 15 కడియాలని పోర్చుగీసు నావికుడు దువార్తె పచేకు పెరైరా రాశాడు. ఆ శతాబ్దంలోనే బెనిన్ రాజులు మగ బానిసలను బయటికి అమ్మడం ఆపేశారన్నది కూడా నిజం. మునిగిన ఓడల్లో దొరికిన కడియాల మీద చేసిన రసాయన పరీక్షలు 2023లో వెలువడ్డాయి. ఆ ఖనిజం జర్మనీలోని రైన్‌లాండ్‌దని తేలింది. ఏ దేశపు మ్యూజియాల్లో ఇప్పుడు ఈ తలలున్నాయో, ఆ దేశపు గనుల్లోంచే ఆ లోహం బయల్దేరింది.

ఇత్తడి వెల్లువెత్తిన ఆ కాలంలోనే ఫలకాలు పుట్టాయి. సుమారు 850కి పైగా ఫలకాలు నేటికీ ఉన్నాయి, ఎక్కువ భాగం 16వ శతాబ్దపువి. ప్రాసాదంలో చెక్క స్తంభాలకు మేకులతో కొట్టేవాళ్లు, అందుకే అంచుల్లో రంధ్రాలు. 1668లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డాపర్ అనే ఆయన వేసిన పుస్తకంలో ఈ స్తంభాల వర్ణన ఉంది. ఆయన ఆఫ్రికా గడప తొక్కలేదు, చూసొచ్చినవాళ్ల మాటలు పోగుచేశాడు. అయినా స్తంభాల విషయంలో సరిగ్గానే విన్నాడు. ఫలకం ముందువైపు బొమ్మల చుట్టూ ఉన్న నేపథ్యం ఖాళీగా ఉండదు, నాలుగు రేకుల ఆకు గుర్తు పరుచుకుని ఉంటుంది. అది ఏటి ఆకు, ఒలోకున్ పూజారిణులు వైద్యంలో వాడేది. యుద్ధం జరుగుతున్నా, సభ జరుగుతున్నా, అంతా ఒలోకున్ నీళ్ల మీదే జరుగుతున్నట్టు లెక్క. పోర్చుగీసువాళ్లు పొడుగు జుట్టు, కోసుముక్కుతో మూలల్లో కనిపిస్తారు. వాళ్లు సముద్రం మీంచి సంపదతో వచ్చారు, కాబట్టి ఒలోకున్ మనుషులు. తెల్లవాళ్లని దేవుళ్లనుకున్నారని తేలిగ్గా అనేస్తారు, అది తప్పు. రాజు మహిమకు రుజువుగా వాళ్లను అంచుల్లో పెట్టారు, నగల్లో రాళ్లు పొదిగినట్టు.

ఒబా ఎసిగియె పేరు చెప్పకుండా 16వ శతాబ్దం దాటలేం. తమ్ముడితో పోరు, ఆ తర్వాత ఇగాలా అనే పొరుగు జాతితో యుద్ధం. సైన్యం బయల్దేరుతుంటే ఒక పక్షి ఓటమి తప్పదని కూసిందట. ఎసిగియె దాన్ని చంపించి ముందుకెళ్లి గెలిచాడు. తర్వాత ఆ పక్షిని ఇత్తడిలో పోయించి, కడ్డీ చివర నిలబెట్టి, ఉగియె ఒరో ఉత్సవంలో అధికారుల చేత దాని ముక్కు మీద కడ్డీతో టంగుటంగున కొట్టించాడు. యుద్ధం వద్దన్న అధికారులే ఆ పక్షిని మోసుకు తిరగాలి. రాజనీతిలో ఇంతకంటే చురకైన శిల్పం నాకు తెలీదు.

ఆయన తల్లి ఇదియా. యుద్ధాల్లో ఆమె మంత్రశక్తి, మందులు కొడుకును గెలిపించాయని చెబుతారు. ఎసిగియె ఆమె కోసం ఇయొబా, రాజమాత అనే పదవి సృష్టించి ఉసెలులో ప్రాసాదం ఇచ్చాడు. పదవిలోకి వెళ్లాక రాజమాత కొడుకుని చూడకూడదు, కబురు దూతల ద్వారానే. ఆమెదని చెప్పే దంతపు ముఖాలు కొన్ని ఉన్నాయి. రెండు ప్రసిద్ధమైనవి, ఒకటి లండన్‌లో, ఒకటి న్యూయార్క్‌లో. న్యూయార్క్‌ది 24 సెంటీమీటర్లు కూడా లేదు, ఒక జానెడు. ముఖానికి తొడుక్కునేది కాదు, నడుముకు కట్టుకునేది. తలపై అంచులో ఒక పోర్చుగీసు ముఖం, ఒక బురదచేప, మళ్లీ పోర్చుగీసు ముఖం. 1977లో లాగోస్‌లో జరిగిన ఆఫ్రికా కళోత్సవానికి లండన్ ముఖమే చిహ్నం. అరువు అడిగితే సున్నితమైనదని బ్రిటిష్ మ్యూజియం ఇవ్వలేదు. బెనిన్ శిల్పి చేత కొత్తది చెక్కించుకున్నారు.

తలల కాలం ఎలా చెబుతారని అడుగుతారు. పరిశోధకులు వేసిన వరస ఇది. పలచగా, తేలిగ్గా, కంఠపట్టె గడ్డం కిందే ఆగినవి పాతవి. పోను పోను మందం పెరిగింది, కంఠపట్టె పెదవి దాకా ఎక్కింది, అడుగున వెడల్పు అంచు వచ్చింది. కిరీటానికి రెక్కలు మొలిచినవి 19వ శతాబ్దంలో ఒసెమ్వెండె కాలం నుంచి. దంతం బరువు మోయడానికి మందం పెరిగిందంటారు, కడియాల రాక పెరిగి ఇత్తడికి లోటు లేకపోవడం కూడా కారణం కావచ్చు. కానీ పలచనివన్నీ పాతవేనన్న సూత్రాన్ని గుడ్డిగా నమ్మొద్దు. మంచి చేయి ఏ కాలంలోనైనా పలచగా పోయగలదు.

1897. జనవరిలో ఫిలిప్స్ అనే బ్రిటిష్ తాత్కాలిక కాన్సల్ జనరల్, లండన్‌లోని పైవాళ్ల జవాబు రాకముందే, బెనిన్‌కు బయల్దేరాడు. పండుగ రోజులు, రాజు బయటివాళ్లను చూడకూడదు, ఇప్పుడు రావద్దని కబురు వచ్చింది. వినలేదు. దారిలో బెనిన్ మనుషులు వాళ్ల మీద దాడి చేశారు. తెల్లవాళ్లలో ఇద్దరే బతికారు, వెంట వచ్చిన ఆఫ్రికన్ కూలీలు చాలామంది చనిపోయారు. దానికి ప్రతీకారంగా ఫిబ్రవరిలో బ్రిటిష్ అడ్మిరల్ రాసన్ 1200 మందితో వచ్చాడు. 18న ఊరు పట్టుకున్నాడు. 21న మంటలు ప్రాసాదాన్ని మింగాయి. అప్పటి ఒబా ఒవొన్రామ్వెన్‌ను కాలబార్ అనే దూరపు ఊరికి పంపేశారు. వేదికల మీది తలలు, దంతాలు, గదిలో పేర్చి ఉన్న ఫలకాలు ఓడలెక్కాయి. ఒక్కోదానికి అయిదు దంతాలతో చేసి రాగి చుక్కలు పొదిగిన దంతపు చిరుతల జంటను రాసన్ విక్టోరియా రాణికి ఇచ్చాడు. రాజు ప్రాణహక్కుకు గుర్తయిన జంతువది. ఏం ఇస్తున్నాడో ఆయనకు తెలుసో లేదో గానీ, సరైన చేతికే ఇచ్చాడు.

ఏ వేదిక మీద ఏ తల పక్కన ఏ దంతం ఉందో ఎవరూ రాసుకోలేదు. పోయినదాంట్లో పెద్ద భాగం అదే. తలలు దొరుకుతున్నాయి, వరస దొరకదు. ఫలకాల సంగతి చూడండి. 1950ల నుంచి బ్రిటిష్ మ్యూజియం కొన్ని ఫలకాలను నకళ్లని చెప్పి అమ్మేసింది, కొన్నది ఎక్కువగా నైజీరియానే. తన సొత్తు తానే డబ్బిచ్చి కొనుక్కుంది. అవి నకళ్లు కావు, స్తంభాల మీద జంటగా ఉండాల్సినవని తర్వాత తేలింది.

ప్రశ్నలకు వెళ్దాం. వెనక వరస నుంచి చీటీ వచ్చింది: ‘తిరిగి ఇస్తున్నారుగా, ఇంకేం?’

ఇస్తున్నారు. 2022లో జర్మనీ వెయ్యికి పైగా వస్తువుల యాజమాన్యం బదిలీ చేసింది, ఆ డిసెంబరులో 20 వస్తువులు చేతికిచ్చింది. అదే ఏడాది లండన్ హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల హక్కు వదులుకుంది. అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియం 29 ఇచ్చింది. ఆ స్మిత్‌సోనియన్ విషయంలోనే, బానిసల సంతతివారి బృందం ఒకటి కోర్టుకెళ్లింది. ఆ ఇత్తడి మా పూర్వీకుల వెల, మాకూ వాటా ఉందని వాళ్ల వాదన. కోర్టులో నిలవలేదు, కానీ 12 నుంచి 15 కడియాల లెక్క విన్నాక దాన్ని కొట్టిపారేయడం కష్టం. బ్రిటిష్ మ్యూజియం దగ్గర 900కు పైగా ఉన్నాయి, తన వస్తువులను వదులుకోనివ్వని 1963 చట్టం అడ్డమంటోంది. ఇక నైజీరియాలో ఎవరి చేతికి? 2023 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు యాజమాన్యం ఒబాది అని చెప్పింది. కొన్ని మ్యూజియాలు అప్పుడు వెనకాడాయి. జాతి ఆస్తి అవుతుందనుకుంటే ఒక కుటుంబం ఆస్తి అవుతోందని వాళ్ల బాధ. నా ఉద్దేశంలో ఎత్తుకెళ్లినవాళ్లకు ఆ బాధ అక్కర్లేనిది. వేదిక మీద ఉండాల్సిన తల ఎవరిదో మొదట చెప్పుకున్నాం.

ఇంకో ప్రశ్న: ‘మధ్యలో పోతపని ఆగిపోయిందా?’

1897 నుంచి 1914 దాకా ఒబా లేడు, కాబట్టి ఖాతాదారు లేడు. పోతపనివాళ్లు పొలాల్లోకి, పల్లెల్లోకి చెదిరిపోయారు. 1914లో ఒవొన్రామ్వెన్ పరాయి ఊళ్లో చనిపోయాడు. ఆయన కొడుకు రెండో ఎవెకాగా పట్టం కట్టుకున్నాడు. ఈయన స్వయంగా చెక్కడం, పోత తెలిసినవాడు. సంఘాలను మళ్లీ నిలబెట్టాడు, ఇగున్ వీధివాళ్లు బయటివాళ్లకు కూడా అమ్ముకోవచ్చన్నాడు. ఇప్పుడు అక్కడ మూసలో పడేది పాత కుళాయిలు, బండి విడిభాగాలు. తిత్తికి బదులు కరెంటు ఊదుడు యంత్రం. పద్ధతి మాత్రం మైనమే.

రాజుగా రెండో ఎవెకా మొదటి బాధ్యత ఏమిటో మీకు తెలుసు. తండ్రికి వేదిక కట్టించాడు, కొత్త తలలు పోయించాడు. ఒక్కో రాజుకు ఒక్కో ఆవరణ మళ్లీ కట్టడం మాత్రం కుదరలేదు. దగ్గరి తరాల రాజులకు విడి వేదికలున్నాయి. అంతకు ముందు శతాబ్దాల ఒబాలందరికీ కలిపి ఇప్పుడు ఒకటే తిన్నె.